మెంటర్‌ని ఇచ్చారు, ఆవిడేమో పేపర్లు రాయమంటున్నారు. ఏం చెయ్యాలి?

ఫైలురాణి
పన్నెండేళ్ళుగా యూనివర్సిటీలో పనిచేస్తున్నాను. మొదటి ఏడేళ్ళు పరీక్షల విభాగం, తర్వాత రీసెర్చ్ గ్రాంట్ల సెక్షన్. ప్రాజెక్టు బడ్జెట్లు సరిచూడటం, గడువులోపు దరఖాస్తులు పంపడం, డబ్బు వచ్చాక లెక్కలు, ఆడిట్ జవాబులు, అన్నీ మా నెత్తినే. ఈ ఏడాది మహిళా ఉద్యోగులకు మెంటరింగ్, అంటే సీనియర్ ఒకరు దారి చూపించడం, అని ఒక స్కీమ్ పెడితే పేరిచ్చాను. నాకు దొరికిన మెంటర్ సైన్స్ ప్రొఫెసర్. చాలా మంచావిడ, ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మూడుసార్లు కలిశాం. మొదటిసారి పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకోమన్నారు. రెండోసారి పేపర్ రాసి కాన్ఫరెన్సుకి పంపమన్నారు. మూడోసారి "మీ రంగంలో పేరున్నవాళ్ళతో పరిచయాలు పెంచుకోండి" అన్నారు. నా రంగం ఎక్సెల్ షీటు మేడమ్ అనబోయి మింగేశాను. మీటింగ్ అయిన ప్రతిసారీ నింపాల్సిన ఫారంలో ఒక గడి ఉంది: గత సమావేశం తర్వాత ప్రచురణలు ఎన్ని?

నా బాధ వేరు. ఐదేళ్ళుగా అదే గ్రేడు. నా తర్వాత చేరినవాళ్ళు ఇద్దరు పైకెళ్ళారు. ఎలా వెళ్ళారో నాకు నిజంగా అర్థం కాలేదు. అది చెప్పే మనిషి కావాలి నాకు. ఇప్పుడు మానేస్తే "అవకాశమిస్తే వాడుకోలేదు" అంటారు. కొనసాగితే నెలకో గంట దండగ. ఇలాంటి స్కీములు మీలో ఎవరికైనా పనికొచ్చాయా?

గడువు_నిన్నే
ప్రచురణల గడిలో "సర్క్యులర్లు: 14" అని రాసెయ్యండి.

లైబ్రరీపిల్లి
మీ నోట్‌ఫైళ్ళకి పీర్ రివ్యూ కూడా ఉంటుందిగా. ఆడిటర్లు చేసేది అదే కదా.

జమాఖర్చు
నవ్వులు తర్వాత. అసలు తేడా ఎక్కడుందంటే, టీచింగ్ వాళ్ళకి గ్రేడు మనిషికి ఉంటుంది. అర్హతలు చూపిస్తే కూర్చున్న కుర్చీలోనే ప్రమోషన్ వస్తుంది. చాలా యూనివర్సిటీల్లో మనకి గ్రేడు కుర్చీకి ఉంటుంది. పై కుర్చీ ఖాళీ అవ్వాలి, లేదా మన కుర్చీ పని పెరిగిందని రుజువు చేసి దాని గ్రేడు మార్పించుకోవాలి, లేదా వేరే సెక్షన్‌కి దూకాలి. ఈ మూడూ తప్ప నాలుగో దారి లేదు.

ఆ ప్రొఫెసర్ గారు తను ఎక్కిన మెట్లు చూపిస్తున్నారు. తప్పు ఆవిడది కాదు. మన వైపు మెట్లే లేవు, ఎవరో పైనుంచి చెయ్యి అందిస్తేనే ఎక్కడం. మీ తర్వాత చేరిన ఇద్దరూ పైకెళ్ళే ముందు ఎక్కడో ఇన్‌ఛార్జ్ బాధ్యతలు చూసి ఉంటారు, లేదా ఏదో పెద్ద ప్రాజెక్టుకి ఆరు నెలలు డిప్యుటేషన్ మీద వెళ్ళి ఉంటారు. కనుక్కోండి. పందెం కాస్తాను.

ఫైలురాణి
కనుక్కోనక్కర్లేదు, ఇప్పుడు గుర్తొచ్చింది. ఒకరు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు ఆ టీంలో ఉన్నారు. ఇంకొకరు సెక్షన్ హెడ్ సెలవులో ఉంటే నాలుగు నెలలు ఇన్‌ఛార్జ్. ఆ రెండింటికీ నోటిఫికేషన్ రాలేదు. "ఎవరైనా ఉన్నారా" అని పైన ఎవరో అడిగితే ఇంకెవరో పేరు చెప్పారట.

జమాఖర్చు
అదీ సంగతి. ఆ పేరు చెప్పే మనిషి మీకు లేరు.

పాతకాపు_రిటైర్డ్
ముప్పై మూడేళ్ళ సర్వీసు చేసి దిగాను కనుక కొంచెం ఎక్కువ మాట్లాడే హక్కు ఉందనుకుంటాను. మెంటర్ వేరు, స్పాన్సర్ వేరు. మెంటర్ మీతో మాట్లాడతారు. స్పాన్సర్ మీరు లేనిచోట మీ గురించి మాట్లాడతారు, మీరు తప్పు చేస్తే తన పరువు కూడా పోతుందని తెలిసీ మాట్లాడతారు. ఆడవాళ్ళకి సలహాలు కావలసినన్ని దొరుకుతాయి, ఇలా పూచీ ఉండేవాళ్ళు దొరకరు. నా కాలంలో మగవాళ్ళకి ఈ పని ఏ స్కీమూ లేకుండానే జరిగిపోయేది. సాయంత్రం బ్యాడ్మింటన్ ఆడేచోట సగం పోస్టింగులు తేలిపోయేవి.

ఇంకో మాట. మెంటరింగ్ మీద మొదట గట్టిగా పనిచేసినవాళ్ళలో క్యాథీ క్రామ్ ఒకరు. 1983లో ఆవిడ ఒక పెద్ద కంపెనీలో 18 జంటల్ని చూసి ఈ సంబంధానికి నాలుగు దశలుంటాయన్నారు: మొదలవడం, పెరగడం, విడిపోవడం, తర్వాత కొత్త రూపంలో కుదురుకోవడం. విడిపోవడం కూడా అందులో భాగమే అన్న సంగతి ఈ స్కీములు పెట్టేవాళ్ళకి పట్టదు. ఫైలురాణి, నువ్వు మానేసినా అది ఓటమేమీ కాదమ్మా.

సెనేట్_గోడకుర్చీ
నేను ఒప్పుకోను. నాకు కూడా ప్రొఫెసరే మెంటర్. నాకు జరిగిన మేలు ఇంకెవరి వల్లా అయ్యేది కాదు.

నేను అకడమిక్ కౌన్సిల్ ఎజెండా తయారుచేసే సెక్షన్‌లో ఉండేదాన్ని. మేం రాసే నోట్ ఆరు పేజీలు, చరిత్రంతా మొదట, అడిగేది చివర. ఆవిడ ఒకరోజు నేను రాసిన నోట్ నా ముందే చదివారు, పైకి చదువుతూ. రెండో పేరా దగ్గర ఆగి "నేను సాధారణంగా ఇక్కడ ఫోన్ చూసుకుంటాను" అన్నారు. సిగ్గుతో చచ్చాను. ఆ తర్వాత మొదటి నాలుగు లైన్లలో ఏం నిర్ణయం కావాలి, ఎప్పటికి కావాలి, కాకపోతే ఏం ఆగిపోతుంది అని రాయడం మొదలుపెట్టాను. ఏడాదిలో డీన్‌లు నా సెక్షన్ హెడ్‌ని వదిలేసి నాకే ఫోన్ చెయ్యడం మొదలెట్టారు. మన సెక్షన్లోవాళ్ళు నేర్పేది మనకి ఎలాగూ తెలిసిందే. అవతలి బల్ల నుంచి మనం ఎలా కనిపిస్తామో అవతలివాళ్ళే చెప్పాలి.

లైబ్రరీపిల్లి
సెక్షన్ హెడ్ గారు ఎలా తీసుకున్నారో అది కూడా చెప్పండి.

సెనేట్_గోడకుర్చీ
ఆ కథ వేరే థ్రెడ్ పెట్టాలి.

మౌనవ్రతం
పై అధికారినే మెంటర్‌గా వేస్తే మాత్రం వద్దని చెప్పండి. నాకు అలాగే వేశారు. "ఇక్కడ ఏం చెప్పినా బయటికి పోదు" అని మొదటిరోజే హామీ. నేను అమాయకంగా ఇంకో విభాగానికి అప్లై చేస్తున్నానని చెప్పాను. రెండు వారాల్లో నా చేతిలో ఉన్న మంచి పని ఇంకొకరికి వెళ్ళింది, "ఎలాగూ వెళ్ళిపోతున్నావుగా" అని. ఆ పోస్టు నాకు రాలేదు. ఇక్కడి పనీ పోయింది. సెలవులు, అప్రైజల్ చేతిలో ఉన్న మనిషితో మనసు విప్పి మాట్లాడమనడం ఏం న్యాయమండీ?

కొత్తనీరు
అమ్మో. మాకు కూడా అలాగే వెయ్యబోతున్నారు. రేపే హెచ్‌ఆర్‌కి రాస్తా.

సూటిప్రశ్న
తిట్టకండి, తెలుసుకోవాలనే అడుగుతున్నా. నేను మగవాణ్ణి, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్, తొమ్మిదేళ్ళుగా అదే సీటు. నా పేరు ఎవరూ చెప్పలేదు. బ్యాడ్మింటన్ కూడా రాదు. స్కీమ్ ఆడవాళ్ళకే ఎందుకు?

జమాఖర్చు
మీ బాధ నిజమే. అయితే ఒక పని చెయ్యండి. మీ యూనివర్సిటీ సిబ్బంది జాబితా తీసి గ్రేడు వారీగా ఆడా మగా లెక్కపెట్టండి. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ప్రొఫెషనల్ స్టాఫ్‌లో, అంటే మనలాంటి ఆఫీసు ఉద్యోగుల్లో, సగానికి పైగా ఆడవాళ్ళే. కింది గ్రేడుల్లో కిక్కిరిసి ఉంటారు, పైకి పోయేకొద్దీ పలచబడతారు. మీదీ అలాగే ఉంటే జవాబు అదే. అలా లేకపోతే మీరడిగింది న్యాయమే, వెళ్ళి అడగండి.

సూటిప్రశ్న
లెక్కపెట్టాను. కింద మూడు గ్రేడుల్లో 61 మందిలో 44 ఆడవాళ్ళు. పై రెండింట్లో 9 మందిలో ఇద్దరు. సరే, నోరు మూసుకుంటున్నా.

గడువు_నిన్నే
ఈ వేదికలో ఒక మనిషి లెక్క చూసి మనసు మార్చుకున్నాడు. మోడరేటర్ గారూ, ఈ పోస్టు పైన పిన్ చెయ్యండి.

అదనపుబాధ్యత
మెంటర్ల వైపు నుంచి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను చెప్తాను. మా దగ్గర ఆ పైనున్న "ఇద్దరిలో" ఒకదాన్ని నేను. డిప్యూటీ రిజిస్ట్రార్‌ని. స్కీమ్ పెట్టగానే ఐదుగురు అమ్మాయిల్ని నాకు ఇచ్చారు. నా పక్క గదిలో అదే హోదాలో ఉన్న ఆయనకి ఒక్కరినీ ఇవ్వలేదు. ఎందుకంటే "ఆడవాళ్ళ సమస్యలు ఆడవాళ్ళకే అర్థమవుతాయి" అట. ఐదుగురు, నెలకో గంట, రాత్రి మెసేజీలు, ఏడుపులు, రికమెండేషన్ లెటర్లు. నా పనివేళల లెక్కలో ఇది ఎక్కడా లేదు, నా అప్రైజల్‌లో దీనికో గడి కూడా లేదు. ఫైలురాణి గారి ఫారంలో అక్కర్లేని గడి ఉంది, నా ఫారంలో కావలసిన గడి లేదు.

పాపం వాళ్ళకీ అన్యాయమే. నిజంగా పేరు చెప్పగలిగే పలుకుబడి పక్క గది ఆయనకి ఉంది. ఆయన చేత చెప్పించాలి గానీ నా చేత ఓదార్పు చేయిస్తే ఏం లాభం?

లైబ్రరీపిల్లి
దీని మీద ఒక పరిశోధన ఉంది, మా దగ్గర ఎవరో అడిగితే వెతికిపెట్టాను. లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు కలిసి 2017లో ప్రచురించారు. ఒక గదిలో అందర్నీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, ఎవరు ఎవరితో పడ్డారో చెప్పకుండా ముగ్గురేసి గుంపులు చేసి, రెండు నిమిషాల టైమిస్తారు. ఎవరో ఒకరు బటన్ నొక్కితే అందరికీ లాభం, కానీ నొక్కినవాళ్ళకి మిగతావాళ్ళకంటే తక్కువ వస్తుంది. ఎవరూ నొక్కకపోతే అందరికీ ఇంకా తక్కువే. ఆడా మగా కలిసిన గుంపుల్లో ఎక్కువసార్లు నొక్కింది ఆడవాళ్ళు. అయితే ఆడవాళ్ళది జాలిగుండె అని తేల్చెయ్యకండి. మగవాళ్ళు మాత్రమే ఉన్న గుంపుల్లో వాళ్ళు బుద్ధిగా నొక్కారు. ఆడవాళ్ళున్నచోట మాత్రం "వాళ్ళు నొక్కుతారులే" అని ఊరుకున్నారు. ఒకర్ని అడిగే ఛాన్సిస్తే అడగడం కూడా ఆడవాళ్ళనే ఎక్కువ అడిగారు, ఆడవాళ్ళే అడిగినా సరే.

మీటింగుల్లో మినిట్స్ రాయడం, వీడ్కోలు సభలు, కొత్తవాళ్ళకి పని నేర్పడం, ఇప్పుడు ఈ మెంటరింగ్. అన్నీ ఆ బటనే.

గడువు_నిన్నే
మా ఆఫీసులో బటన్ మీద నా పేరే చెక్కి ఉంది.

పాతకాపు_రిటైర్డ్
సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా. మెంటర్ అన్న మాట గ్రీకు పురాణ కథలోంచి వచ్చింది. రాజు యుద్ధానికి పోతూ కొడుకుని మెంటర్ అనే ముసలి మిత్రుడికి అప్పజెప్పిపోతాడు. తీరా కుర్రాడికి పనికొచ్చిన సలహాలిచ్చి, వెంట నడిచి, ఓడ సిద్ధం చేసి పంపింది ఎథీనా దేవత. మెంటర్ వేషం వేసుకుని వచ్చి చేసింది. పని ఆవిడది, పేరు ఆయనది.

అదనపుబాధ్యత
మూడు వేల ఏళ్ళ నుంచీ ఇదే ఆఫీసు అన్నమాట.

సెనేట్_గోడకుర్చీ
అదే దేవత పేరుతో బ్రిటన్‌లో ఎథీనా స్వాన్ అని ఒక చార్టర్ ఉంది. యూనివర్సిటీల్లో స్త్రీపురుష సమానత్వం చూసి గుర్తింపు ఇస్తారు. 2005లో సైన్స్, ఇంజనీరింగ్, మెడిసిన్ వైపు పనిచేసే మహిళా అధ్యాపకుల కోసం మొదలైంది. మనలాంటి ప్రొఫెషనల్, సపోర్ట్ స్టాఫ్‌ని అందులో చేర్చింది 2015లో. దేవత కూడా పదేళ్ళు వెయిటింగ్ లిస్టులో పెట్టింది మనల్ని.

కొత్తనీరు
అసలు మన పేరులోనే ఉంది కదా. "బోధనేతర సిబ్బంది". అంటే ఫలానా కానివాళ్ళు. ఎవరైనా డాక్టర్ని రోగి కాని మనిషి అని పరిచయం చేస్తారా?

జమాఖర్చు
పేరు మార్చి ప్రొఫెషనల్ స్టాఫ్ అన్నంత మాత్రాన గ్రేడు మారదు తల్లీ.

కొత్తనీరు
మారదు. కానీ "నాన్ టీచింగ్" అని పిలిపించుకుంటూ పదేళ్ళుంటే మనం కూడా అలాగే కుంచించుకుపోతాం. మొన్న ఒక మీటింగ్‌లో నన్ను నేనే "నేను జస్ట్ ఆఫీస్ నుంచి వచ్చాను" అని పరిచయం చేసుకున్నా. ఆ "జస్ట్" ఎక్కడినుంచి వచ్చింది?

ఏటేటా_పొడిగింపు
మీరంతా గ్రేడులు, కుర్చీలు అంటున్నారు. నాది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు, ఇది ఆరోసారి. స్కీమ్‌కి అప్లై చేశాను. పర్మనెంట్ ఉద్యోగులకే అని తిప్పి పంపారు. ఆ స్కీమ్ దరఖాస్తులన్నీ తీసుకుని, జంటలు కలిపి, మెయిళ్ళు పంపింది నేనే.

మౌనవ్రతం
ఇది చదివాక నా గోల ఎందుకు రాశానా అనిపిస్తోంది.

అదనపుబాధ్యత
మీరు ఏ యూనివర్సిటీ అని అడగను. కానీ ఆ షరతు ఎవరు పెట్టారో ఫైల్లో చూడండి. తొంభై పాళ్ళు ఎవరూ ఆలోచించి పెట్టి ఉండరు, పాత శిక్షణ స్కీమ్ నిబంధనల్ని కాపీ కొట్టి ఉంటారు. అలాంటివి ఒక్క నోట్‌తో పోతాయి.

వలయం_నలుగురం
మా అనుభవం వేరేలా ఉంది. మెంటర్ అనే పెద్దమనిషి లేకుండానే మేం నలుగురం కలుస్తాం. అడ్మిషన్లు, ఐటీ, హాస్టళ్ళు, ఫైనాన్స్. నెలకి ఒక గంట. ప్రతి ఒక్కరూ చిక్కుపడ్డ పని ఒకటి తేవాలి, మిగతా ముగ్గురూ ప్రశ్నలు మాత్రమే అడగాలి, మొదటి పది నిమిషాలు సలహా ఇవ్వకూడదు. ఇది చాలా కష్టం, ముఖ్యంగా ఫైనాన్స్ ఆవిడకి.

లాభం? ఎక్కడ ఖాళీ రాబోతోందో నాకు ఆరు వారాలు ముందు తెలుస్తోంది. నా జాబ్ డిస్క్రిప్షన్ ఎనిమిదేళ్ళ నాటిదని, ఇప్పుడు నేను చేసే పనిలో సగం అందులో లేదని హాస్టళ్ళ ఆవిడ అడిగితేనే చూసుకున్నాను. దాన్ని తిరగరాయించి గ్రేడు పెంచమని పెట్టుకున్నాను. పద్నాలుగు నెలలు పట్టింది, వచ్చింది.

మధ్యలో ఒకసారి హెచ్‌ఆర్‌వాళ్ళు ముచ్చటపడి దీన్ని అధికారిక కార్యక్రమం చేసి నెలనెలా రిపోర్ట్ అడిగారు. రెండు నెలల్లో చచ్చిపోయింది. రిపోర్ట్ మానేశాక మళ్ళీ బతికింది.

జమాఖర్చు
మంచిదే కానీ నలుగురూ ఒకే ఎత్తులో ఉంటే పై గదిలో పేరు చెప్పేదెవరు? పాతకాపు గారు చెప్పింది అదే కదా.

వలయం_నలుగురం
చెప్పేవాళ్ళు లేరు, నిజమే. కానీ ఎవరి చేత చెప్పించాలో, ఎప్పుడు అడగాలో మాకు తెలుస్తోంది. ఇంతకుముందు అదీ లేదు.

తలుపుతీసి
నేను మగ మెంటర్‌ని. ఫైనాన్స్‌లో సీనియర్‌ని, ఒక జూనియర్ అమ్మాయిని ఇచ్చారు. ఏం మాట్లాడాలన్నా టెన్షన్. తలుపు వేస్తే ఒక గొడవ, తీస్తే ఆమె మనసులో మాట చెప్పదు. అందుకే మూడు నెలలుగా మెయిల్‌లోనే నడిపిస్తున్నా.

అదనపుబాధ్యత
మీ కింది మగ కుర్రాళ్ళతో ఎక్కడ కూర్చుంటారు?

తలుపుతీసి
నా టేబుల్ దగ్గరే.

అదనపుబాధ్యత
ఆ అమ్మాయితో కూడా అక్కడే, అదే వేళకి. అందరితో ఒకేలా ఉంటే అనుకునేవాళ్ళకి మేత దొరకదు. మనసులో మాటలు ఆమె తన స్నేహితులకి చెప్పుకుంటుంది. మీ నుంచి ఆమెకి కావలసింది బడ్జెట్ మీటింగ్‌కి వెంట తీసుకెళ్ళడం.

ఫైలురాణి
ఇంతమంది రాస్తారనుకోలేదు. ఒక్క సాయం కావాలి. మేడమ్‌కి నొప్పి కలగకుండా ఎలా చెప్పను? "మీ సలహాలు నాకు పనికిరావు" అన్నట్టు ఉండకూడదు.

సెనేట్_గోడకుర్చీ
సలహా అడగడం మానేసి ఒక పని అడుగు. "మేడమ్, మీరు కూర్చునే కమిటీల్లో గ్రాంట్ల డబ్బు గురించి చర్చ జరిగేది ఏదైనా ఉంటే ఒక్కసారి చూడనిస్తారా? మేం పంపే కాగితం అక్కడ ఏమవుతుందో చూడాలని ఉంది." పరిశోధకులకి ఎవరైనా చూడాలని ఉంది అంటే చాలు, కరిగిపోతారు.

జమాఖర్చు
దాంతోపాటు మీ తర్వాత చేరినవాళ్ళు ఎలా వెళ్ళారో ఆ రెండు ఉదాహరణలూ ఆవిడకి చెప్పండి. ఫిర్యాదులా కాకుండా. చాలామంది ప్రొఫెసర్లకి మన ప్రమోషన్ ఎలా వస్తుందో నిజంగా తెలియదు. వాళ్ళలాగే మనకీ వస్తుందనుకుంటారు.

మోడరేటర్_2
బ్యాడ్మింటన్ గురించి వచ్చిన పదకొండు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాం.

ఫైలురాణి
నెల తర్వాత వచ్చాను, మర్చిపోయానని కాదు. ఆడిట్.

మేడమ్‌కి చెప్పాను. జమాఖర్చు గారన్నట్టే ఆవిడ నోరెళ్ళబెట్టారు. "అంటే మీకు దరఖాస్తే ఉండదా?" అని రెండుసార్లు అడిగారు. పీహెచ్‌డీ మాట మళ్ళీ ఎత్తలేదు. పోయిన వారం రీసెర్చ్ కమిటీకి తీసుకెళ్ళారు. గోడవారగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలు కాకముందే ఛైర్మన్ గారు నన్ను చూసి "వచ్చారుగా, మినిట్స్ మీరు రాసుకోండి" అన్నారు. చెయ్యి దానంతటదే పెన్ను దగ్గరికి వెళ్ళింది. మేడమ్ తలెత్తకుండా "ఆమె నాతో వచ్చారు. బడ్జెట్ ఐటెమ్ మీద సందేహాలుంటే ఆమెని అడగండి" అన్నారు. అడిగారు కూడా. మూడో ప్రాజెక్టులో పరికరాల ఖర్చు ఎందుకు ఆగిందని. గడువు దాటాక కొటేషన్ మార్చారు కాబట్టి అని చెప్పాను. అంతే. గదిలో నేను మాట్లాడింది రెండు వాక్యాలు.

పోస్టు గిస్టు ఏమీ రాలేదు ఇంకా. వచ్చే ఏడాది ఆన్‌లైన్ గ్రాంట్ సిస్టం పెడతారట, ఆ టీంకి పేర్లు అడిగితే నా పేరు ఇస్తానన్నారు. ఇస్తారో లేదో చూడాలి.

ఫారంలో ప్రచురణల గడి అలాగే ఉంది. ఈసారి గీత కొట్టి, పక్కన "హాజరైన కమిటీలు: 1" అని రాశాను.

గడువు_నిన్నే
సర్క్యులర్ల లెక్క రాయలేదా. నిరాశపరిచారు.

ఏటేటా_పొడిగింపు
ఆ ఫారాలు మా సెక్షన్‌కే వస్తాయి అనుకుంటా. ఒకదాంట్లో ఎవరో గీత కొట్టి అలా రాశారు. ఎవరని అడగను. కొత్త ఫారం డ్రాఫ్ట్ నా టేబుల్ మీదే ఉంది, ఆ గడి తీసేసి ఇది పెడుతున్నా. అదనపుబాధ్యత గారూ, ఫైలు చూశాను. షరతు కాపీ కొట్టిందే, మీరన్నట్టే. నోట్ రాయడం మొదలెట్టాను. మొదటి నాలుగు లైన్లలో ఏం కావాలో చెప్పేశాను.

వలయం_నలుగురం
ఈలోగా మీకు ఎవరూ లేరని ఆగకండి. మాకు ఐదో కుర్చీ ఖాళీ ఉంది, వీడియో కాల్‌లో కలుద్దాం. మొదటి పది నిమిషాలు సలహా ఇవ్వం, మాటిస్తున్నా. ఫైనాన్స్ ఆవిడ తరఫున మాత్రం ఇవ్వలేను.